వీఏ క్లెయిమ్ చేసిపెడతామనే కంపెనీని నమ్మొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మేము టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మావారు ఎమ్మెస్ చదవడానికి వచ్చి, 2014లో విదేశీయుల్ని సైన్యంలో చేర్చుకునే మావ్ని ప్రోగ్రామ్ కింద అమెరికా ఆర్మీలో చేరారు. 2019లో బయటికొచ్చారు. నడుం నొప్పికి 20 శాతం, చెవిలో మోతకి 10 శాతం ఇచ్చి, మొత్తం 30 శాతం డిజెబిలిటీ అని వీఏ, అంటే ఇక్కడి మాజీ సైనికుల శాఖ, అప్పట్లోనే రాసింది. అప్లికేషన్ ఆయనే సొంతంగా పెట్టుకున్నారు. ఇప్పుడు నడుం బాగా ముదిరింది, రెండు మోకాళ్లూ పట్టేస్తున్నాయి, రాత్రిళ్లు నిద్ర లేదు. ఆయనతో పాటు ఆర్మీలో పనిచేసిన స్నేహితుడు ఒక కంపెనీ గురించి చెప్పాడు. వాళ్లు 70 శాతం గ్యారంటీ అంటున్నారు. ముందు ఒక్క డాలరూ ఇవ్వక్కర్లేదట. రేటింగ్, అంటే ఆ శాతం పెరిగాక, నెలకి వచ్చే డబ్బు ఎంత పెరిగిందో దానికి ఆరు రెట్లు కట్టాలట. ఈ శుక్రవారం లోపు సంతకం పెడితే ఐదు రెట్లే అన్నారు. కంపెనీ పెట్టినవాళ్లూ మాజీ సైనికులే, రివ్యూలు కూడా బాగున్నాయి. మావారు వాళ్లకి వీఏ లాగిన్, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇచ్చేశారు కానీ కాంట్రాక్టు మీద ఇంకా సంతకం పెట్టలేదు. మాది మిలటరీ మాధవరం. మా నాన్నగారు ఇండియన్ ఆర్మీలో సుబేదారుగా రిటైరయ్యారు. "సైనికుడి పెన్షన్ కాగితాలకి డబ్బులు తీసుకోవడమేంటమ్మా" అంటున్నారు. మావారేమో "మీ నాన్నకి అమెరికా సంగతి తెలీదు" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇలాంటి కంపెనీ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

- ఒక సోదరి, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, శుక్రవారం సంతకం పెట్టొద్దని మీవారికి ఈ రోజే చెప్పండి. వీఏ లాగిన్ పాస్‌వర్డ్ కూడా ఈ రోజే మార్చమనండి. ఈ రెండూ అయ్యాక మిగతా సంగతి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఈ విషయంలో మీ నాన్నగారి మాటే నిజం. అమెరికా చట్టం చెప్పేది కూడా అదే. వీఏకి కొత్తగా క్లెయిమ్ తయారుచేసి పెట్టినందుకు మాజీ సైనికుడి దగ్గర ఎవరూ ఫీజు తీసుకోకూడదు. లాయరైనా తీసుకోకూడదు. మీవారు పెట్టబోయేది రేటింగ్ పెంచమనే క్లెయిము, మోకాళ్లకి కొత్త క్లెయిము. ఈ రెంటికీ ఇదే నియమం. వీఏ ఒక నిర్ణయం చెప్పాక, అది నచ్చక మళ్లీ చూడమని అడిగే దశలో మాత్రమే ఫీజు తీసుకోవచ్చు. అది కూడా వీఏ గుర్తింపు ఉన్న లాయరో, క్లెయిమ్స్ ఏజెంటో అయితేనే. ఆ గుర్తింపుని అక్రెడిటేషన్ అంటారు.

మీరు అడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఈ అక్రెడిటేషన్‌లోనే ఉంది. రివ్యూలు, వెబ్‌సైటు మీద జెండాలు, "మేమూ సైనికులమే" అన్న మాట, వీటిలో ఏదీ నమ్మకానికి ఆధారం కాదు. వాళ్లని అడగాల్సింది ఒకటే: "మావారి క్లెయిమ్ మీద ప్రతినిధిగా మీ పేరు రాసి సంతకం పెడతారా?"

వీఏ దగ్గర దీనికి రెండు ఫారాలున్నాయి. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సేవా సంస్థని ప్రతినిధిగా పెట్టుకుంటే 21-22. లాయరునో ఏజెంటునో పెట్టుకుంటే 21-22ఏ. ఈ ఫారంలో పేరున్న మనిషికి మీవారి ఫైలు చూసే హక్కుంటుంది, వీఏతో మీవారి తరఫున మాట్లాడే అధికారం ఉంటుంది. తప్పు చేస్తే వీఏ అతని గుర్తింపు తీసేయగలదు. అంటే అతను జవాబుదారీ. మీరు చెప్పిన లాంటి కంపెనీలు ఈ ఫారం దగ్గరికి రావు. కాగితాలన్నీ వాళ్లే సిద్ధం చేస్తారు, ఏ జబ్బు రాయాలో, ఏ మాట వాడాలో వాళ్లే చెప్తారు. చివర్లో "సబ్మిట్" బటన్ మాత్రం మీవారి చేతే నొక్కిస్తారు. వీఏ రికార్డులో ఆయన ఒక్కరే అప్లికేషన్ పెట్టుకున్నట్టు ఉంటుంది. కాంట్రాక్టు తీసి చదవండి. "మేము క్లెయిమ్ తయారుచేయం, సమర్పించం, విద్యాపరమైన సలహా మాత్రమే ఇస్తాం" అనే వాక్యం ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఫీజు నిషేధం నుంచి తప్పించుకోవడానికి పెట్టుకున్న దారి అది. రేపు ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పాల్సింది మీవారొక్కరే.

"మా కంపెనీకి వీఏ అక్రెడిటేషన్ ఉంది" అని ఎవరైనా అంటే ఇంకా జాగ్రత్తగా ఉండండి. లాయర్లకీ ఏజెంట్లకీ గుర్తింపు ఇచ్చేది మనిషికి, కంపెనీకి కాదు. సేవా సంస్థల్లో కూడా కౌంటర్ వెనక కూర్చునే ప్రతినిధికి విడిగా గుర్తింపు ఉండాలి. వీఏ న్యాయ విభాగం, అంటే ఆఫీస్ ఆఫ్ జనరల్ కౌన్సెల్, తన వెబ్‌సైటులో ఈ గుర్తింపు ఉన్నవాళ్ల జాబితా అందరికీ కనిపించేలా పెట్టింది. మనిషి పేరు, ఊరు, రాష్ట్రం కొట్టి వెతకొచ్చు. మీకు ఫోన్ చేస్తున్న అమ్మాయి పేరో అబ్బాయి పేరో కొట్టి చూడండి. లేకపోతే లేనట్టే. కొన్ని కంపెనీలు "మా దగ్గర గుర్తింపు ఉన్న లాయరు ఉన్నాడు" అంటాయి. ఉంటే సంతోషం. ఆయన మీవారి 21-22ఏ మీద సంతకం పెడతాడా అని అడగండి. మాట దాటేశారంటే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

మరి చట్టం ఒప్పుకోనప్పుడు ఇంత బహిరంగంగా వ్యాపారం ఎలా నడుస్తోంది అని మీకు అనుమానం రావచ్చు. ఇలా అక్రమంగా ఫీజు తీసుకుంటే క్రిమినల్ శిక్ష ఉండేది. 2006లో కాంగ్రెస్ చేసిన మార్పుతో ఆ శిక్ష పోయింది. నిషేధం మిగిలింది, కొరడా పోయింది. వీఏ ఇప్పుడు చేయగలిగింది "ఆపండి" అని ఉత్తరం రాయడం వరకే. 2022 ఆగస్టులో పాక్ట్ చట్టం వచ్చి, యుద్ధభూముల్లో చెత్త తగలబెట్టిన గుంతల పొగకి గురైన లక్షల మందికి అర్హత పెరిగేసరికి ఈ వ్యాపారం కూడా పెరిగింది. శిక్ష తిరిగి తేవాలని గార్డ్ అనే బిల్లు, దానికి ఎదురుగా ఈ కంపెనీలకి దారి ఇవ్వాలని చాయిస్ అనే బిల్లు, రెండూ కాంగ్రెస్‌లో పెట్టారు. న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా చట్టాలు చేసుకున్నాయి. వీఎఫ్‌డబ్ల్యూ వాళ్లయితే ఈ కంపెనీలని క్లెయిమ్ షార్కులనే పిలుస్తారు. చట్టసభల్లో ఏం తేలినా, మీవారు ఈ వారం తీసుకోవాల్సిన నిర్ణయం మారదు.

ఇప్పుడు డబ్బు లెక్క చూడండి. 2025 రేట్లలో, భార్యాపిల్లల అదనం కలపకుండా, 30 శాతానికి నెలకి 537.42 డాలర్లు. 70 శాతానికి 1,759.19. తేడా 1,221.77. దానికి ఆరు రెట్లంటే 7,330 డాలర్ల పైన. "డిస్కౌంట్" ఐదు రెట్లయినా 6,100 దాటుతుంది. మీరు ఉన్నారు, పిల్లలుంటే వాళ్ల అదనం కూడా కలుస్తుంది కాబట్టి మీ ఇంట్లో నెలవారీ తేడా ఇంకా ఎక్కువ, ఆరు రెట్లు చేస్తే బిల్లూ ఇంకా ఎక్కువ. ఇదంతా పన్ను లేకుండా, మీవారి నడుం విరిగినందుకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు. అదే క్లెయిమ్‌ని సేవా సంస్థ ప్రతినిధి పెడితే ఖర్చు సున్నా.

చట్టబద్ధమైన లాయరు ఫీజుతో పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వీఏ నిర్ణయం మీద పోరాడి గెలిపించిన లాయరు తీసుకునేది వెనకటి బకాయి మొత్తంలో వాటా. ఆ వాటా 20 శాతం మించకపోతే సమంజసమేనని వీఏ లెక్కేస్తుంది. 33.3 శాతం దాటితే అన్యాయమని ముందే అనుకుంటుంది. ఫీజు ఒప్పందం కాపీ వీఏకి అందాలి, ఎక్కువనిపిస్తే ఆ ఫీజుని సమీక్షించమని మీరు వీఏని అడగొచ్చు. బకాయి పదివేలొస్తే రెండువేలు. ఇక ముందు నెలనెలా వచ్చేది మీదే. కంపెనీ వాళ్ల "ఆరు రెట్లు" లెక్కకి ఇలాంటి పై తనిఖీ ఏదీ లేదు. బకాయి ఏమీ రాకపోయినా, ముందు నెలల్లో చేతికి రాబోయే డబ్బుకే బిల్లు వేస్తారు.

కాంట్రాక్టు గురించి ఇంకో మాట. చదివేటప్పుడు ఫీజు దగ్గర ఆగిపోవద్దు. మీకు పెరుగుదల ఎవరివల్ల వచ్చినా ఫలానా గడువులోపు వస్తే ఫీజు కట్టాలి అనే నిబంధన ఉందేమో చూడండి. ఉందంటే, రేపు మీరు వాళ్లని వదిలేసి ఉచిత ప్రతినిధి దగ్గరికి వెళ్లి గెలిచినా బిల్లొస్తుంది. బ్యాంకు ఖాతాలోంచి వాళ్లే లాక్కునే అనుమతి ఉందా, వద్దనుకుంటే ఎలా బయటపడాలి, గొడవొస్తే కోర్టుకి వెళ్లే హక్కుని వదులుకుంటున్నారా అన్నవి కూడా చూడాలి. ఇలాంటివి పెద్ద అక్షరాల్లో ఉండవు.

లాగిన్ సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అందుకే ముందే చెప్పాను. ఆ ఖాతాలో మీవారి మెడికల్ రికార్డులుంటాయి. డబ్బు ఏ బ్యాంకులో పడాలో మార్చే వీలుంటుంది. మీ అడ్రసు, మీ వివరాలు, పిల్లల వివరాలు ఉంటాయి. గుర్తింపు ఉన్న ప్రతినిధికి దీనితో పనే ఉండదు, ఫారం మీద సంతకం పెట్టగానే తన సొంత లాగిన్‌తో వీఏ సిస్టమ్‌లో ఫైలు చూస్తాడు. కాబట్టి లాగిన్ అడిగారంటేనే వాళ్లకి గుర్తింపు లేదని అర్థం. లాగిన్ డాట్ గవ్ వాడుతున్నారో ఐడీ మీ వాడుతున్నారో, దాని పాస్‌వర్డ్ మార్చండి. రెండో అంచె కోడు మీవారి ఫోన్‌కే వస్తోందా చూడండి. లోపలికి వెళ్లి డైరెక్ట్ డిపాజిట్ ఖాతా, ఫోన్ నంబరు, ఈమెయిలు మీవేనా సరిచూసుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇచ్చేశారు కాబట్టి ఆయన పేరున వేరేవాళ్లు అప్పు తీసుకోకుండా మూడు క్రెడిట్ బ్యూరోల్లో ఫ్రీజ్ పెట్టడం మంచిది, ఉచితమే. మాజీ సైనికుల సోషల్ నంబరు వాడుకుని వీఏ ఫోన్‌లైన్‌కి యంత్రంతో కాల్స్ చేయించి, రేటింగ్ పెరిగిందని తెలియగానే బిల్లు పంపే పద్ధతి గురించి అమెరికాలో వార్తలొచ్చాయి. అందుకే వీఏకి 1-800-827-1000 మీద ఫోన్ చేసి, మా వివరాలు వేరేవాళ్ల చేతికి వెళ్లాయని చెప్పి ఉంచండి.

"శుక్రవారం లోపు" అన్న తొందరకి విరుగుడు కూడా ఉంది. వీఏకి ఇంటెంట్ టు ఫైల్ అని ఒకటి ఇవ్వొచ్చు. "నేను క్లెయిమ్ పెట్టబోతున్నాను" అని ముందుగా తెలియజేయడం. 21-0966 ఫారం, లేదా ఒక ఫోన్ కాల్. ఆన్‌లైన్‌లో డిజెబిలిటీ క్లెయిమ్ మొదలుపెట్టి సేవ్ చేసినా ఆ తేదీ నమోదవుతుంది. ఆ రోజునుంచి ఏడాదిలోపు పూర్తి క్లెయిమ్ పెడితే, మంజూరైనప్పుడు డబ్బు సాధారణంగా ఆ మొదటి తేదీ నుంచే లెక్కగడతారు. అంటే మీవారు ఈ రాత్రి పది నిమిషాలు కూర్చుంటే, తొందరపడకుండా కాగితాలు కూడగట్టుకోడానికి ఏడాది సమయం చేతికొస్తుంది. కంపెనీ వాళ్లు శుక్రవారం గురించి చెప్పారు కానీ దీని గురించి చెప్పలేదంటే, ఎవరి లాభం చూస్తున్నారో మీకే తెలుస్తోంది.

గ్యారంటీ అన్న మాట వినగానే ఫోన్ పెట్టేయొచ్చు. రేటింగ్ వేసేది వీఏ ఉద్యోగి, రేటింగ్ షెడ్యూలు చూసి. ఏ లాయరూ, ఏ సంస్థా, ఏ కంపెనీ ఆయన చేతిని కదిలించలేదు. పైగా వీఏ శాతాలు మామూలుగా కూడేవి కావు, మొదటిది తీసేశాక వందలో మిగిలినదాని మీదే రెండోది లెక్కేస్తారు. మీవారికి 20, 10 కలిస్తే 28 అయ్యి, దాన్ని 30కి సవరించారు. 50కి 30 కలిస్తే 80 కాదు, 65. సవరిస్తే 70. ఏ జబ్బుకి ఎంత వస్తుందో తెలియకుండా, మోకాళ్ల పరీక్షే జరగకుండా, మొత్తం 70 అని ముందే చెప్పడం మాటలే. చెవి మోతకి 10 శాతం కన్నా ఎక్కువ ఉండదు, అది మీవారికి ఇప్పటికే ఉంది.

త్వరగా చేయిస్తామని ఇలాంటి కంపెనీలు చెప్పేదీ అంతే. వీఏ లోపల కంపెనీ వాళ్లకి వేరే లైను లేదు.

ఇక వీఏ వైద్య పరీక్షలో నొప్పి ఎక్కువ చేసి చెప్పమన్నారేమో మీరు రాయలేదు కానీ, ఇలాంటి చోట్ల ఆ సలహా వస్తుంది కాబట్టి చెప్తున్నాను. లేని నొప్పి ఉందని చెప్పడం నేరం. వీఏ తర్వాత కనిపెడితే రేటింగ్ తీసేసి, ఇచ్చిన డబ్బు వెనక్కి అడగొచ్చు. కోచింగ్ ఇచ్చినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు, సంతకం మీవారిదే ఉంటుంది. అలాగే ఆ కంపెనీ పంపిన డాక్టరు ఒక్క వీడియో కాల్‌లో చూసి రాసిన ఉత్తరాన్ని వీఏ పెద్దగా లెక్కచేయకపోవచ్చు. ప్రైవేటు డాక్టరు రిపోర్టు తప్పు కాదు, దానికి ఆయన ఫీజు తీసుకోవడమూ తప్పు కాదు. కానీ ఆ డాక్టరు సర్వీసు రికార్డులు చదివి, ఈ మోకాలికీ ఆ ఉద్యోగానికీ సంబంధం ఎందుకుందో కారణం చెప్తూ రాయాలి. మీవారిని ఏళ్లుగా చూస్తున్న డాక్టరు రాస్తే ఇంకా మంచిది. వీఏ ఏర్పాటుచేసే పరీక్షకి మాత్రం పైసా కట్టక్కర్లేదు.

మనవాళ్లలో నేను ఎక్కువగా చూసేది మాత్రం ఇంకో రకం పొరపాటు. ఉన్న బాధ కూడా చెప్పరు. డాక్టరు "ఎలా ఉన్నారు" అనగానే "ఫైన్" అనేస్తారు. చిన్నప్పటినుంచి ఓర్చుకోవడమే గొప్ప అని నేర్చుకుని, ఆపైన సైన్యంలో అదే ఇంకా గట్టిగా నేర్చుకున్న మనిషి నోటివెంట "నాకు చేతకావడం లేదు" అన్న మాట రాదు. వెన్ను, మోకాళ్ల పరీక్షలో నొప్పి పెరిగే రోజులు ఎలా ఉంటాయని అడుగుతారు. ఆ రోజు కాస్త తేలిగ్గా ఉంటే ఆ రోజు సంగతే చెప్పి వచ్చేస్తారు. చెడ్డ రోజు ఎలా ఉంటుందో, నెలలో అలాంటివి ఎన్నొస్తాయో ఉన్నదున్నట్టు చెప్పడం అబద్ధం కాదు, అతిశయం కాదు. డాక్టరుకి తెలియాల్సింది అదే.

ఇక్కడ మీరు చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఏ కంపెనీ అక్కర్లేదు. 21-10210 అని సాక్షి వాంగ్మూలం ఫారం ఉంది. భార్యగా మీరు కళ్లారా చూసింది రాయొచ్చు. "మావారికి చాలా బాధగా ఉంది" అని రాస్తే పనికిరాదు. కారు దిగేటప్పుడు డోరు పట్టుకుని ఎంతసేపు నిలబడతారు, మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడతారు, గ్రోసరీ సంచులు ఎప్పటినుంచి మోయడం మానేశారు, రాత్రి ఎన్నిసార్లు లేచి హాల్లో తిరుగుతారు, ఉద్యోగానికి ఏయే రోజులు సెలవు పెట్టారు, ఇలా రాయండి. తేదీలు గుర్తుంటే వేయండి, లేకపోతే "2023 చలికాలం నుంచి" లాగా రాసినా చాలు. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. ఈ రోజునుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకుని రాసుకుంటూ రండి. డబ్బు తీసుకునే కంపెనీ టెంప్లేటు కన్నా ఇలాంటి ఒక్క పేజీకి విలువెక్కువ.

మరి ఉచితంగా చేసేవాళ్లు ఎక్కడున్నారంటే, మీ ఊరి దగ్గరే. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉంటుంది. రెండు కౌంటీలకీ వెటరన్స్ సర్వీస్ ఆఫీసులున్నాయి. మీ ఇల్లు ఏ కౌంటీలోకి వస్తుందో చూసుకుని అపాయింట్‌మెంట్ తీసుకోండి. రాష్ట్ర ప్రభుత్వానిది టెక్సాస్ వెటరన్స్ కమిషన్ ఉంది. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ ఉన్నాయి, క్లెయిమ్ సాయం కోసం వీళ్లెవరికీ ఫీజు కట్టక్కర్లేదు. మన ఊళ్లో మీ నాన్నగారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లినట్టే ఇది కూడా. అక్కడా ఆఫీసు బయట "నేను చేయిస్తా" అనేవాళ్లు ఉంటారని మీ నాన్నగారిని అడిగితే చెప్తారు, అందుకే ఆయనకి వెంటనే అనుమానం వచ్చి ఉంటుంది. సుబేదారు స్థాయికి వచ్చిన మనిషి ఎంతోమంది జవాన్ల కాగితాలు చూసి ఉంటారు. ఆయన మాట తీసిపారేయొద్దని అల్లుడుగారికి నా మాటగా చెప్పండి.

ఉచితం కాబట్టి అందరూ బాగా చేస్తారని నేను చెప్పను. కొన్నిచోట్ల ఒక్కో ప్రతినిధి మీద చాలా ఫైళ్లుంటాయి, ఫోన్ ఎత్తరు, హడావిడిగా రాసి పంపేస్తారు. మీవారి స్నేహితుడు కంపెనీ వైపు వెళ్లడానికి ఇలాంటి అనుభవమే కారణమై ఉండొచ్చు. ఆ చిరాకు నాకు అర్థమవుతుంది. కానీ అలాంటప్పుడు ప్రతినిధిని మార్చుకోవచ్చు. ఇంకొకరితో కొత్త 21-22 ఇస్తే పాతది రద్దవుతుంది. మొదటిసారి కలిసినప్పుడే కొన్ని అడగండి. రేటింగ్ పెంచమని అడిగితే, ఉన్నది తగ్గే అవకాశం ఉందా? పాత నడుం రేటింగు మళ్లీ పరీక్షకి వెళ్లినప్పుడు అది కూడా చూస్తారు కాబట్టి ఈ ప్రశ్న ముఖ్యం. మోకాళ్లని నేరుగా సర్వీసుకి ముడిపెట్టాలా, లేక నడుం వల్ల నడక మారి మోకాళ్లు పోయాయని సెకండరీగా అడగాలా? నిద్ర సంగతి ఎలా రాయాలి? ఫైలు తెరిచి చూసి, "దీనికి ఇంకా ఆధారం కావాలి, ఇప్పుడే పెట్టకండి" అని చెప్పే మనిషి దొరికితే వదలొద్దు. వద్దు అని చెప్పగలిగినవాళ్లనే నేను నమ్ముతాను. ఎంతసేపూ పెరుగుతుంది, వస్తుంది అనేవాళ్లు అమ్మకానికి కూర్చున్నవాళ్లు.

మీవారు తన సర్వీసు మెడికల్ రికార్డులు, డీడీ-214 (ఆర్మీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే కాగితం), పాత నిర్ణయం ఉత్తరం, ఇటీవలి ఎక్స్‌రే, ఎమ్మారై, మందుల చీటీలు ఒక ఫోల్డరులో పెట్టుకుని వెళ్తే ప్రతినిధి పని సగం తేలికవుతుంది. క్లెయిమ్ కొట్టేస్తే ఏడాదిలోపు మూడు దారుల్లో ఒకటి ఎంచుకోవచ్చు: కొత్త ఆధారంతో సప్లిమెంటల్ క్లెయిము, అదే ఫైలుని సీనియర్ అధికారి మళ్లీ చూసే హయ్యర్ లెవెల్ రివ్యూ, లేదా వీఏ అప్పీళ్ల బోర్డుకి అప్పీలు. ఏడాది దాటనివ్వకపోతే మొదటి తేదీ పోదు. ఫీజిచ్చి లాయర్ని పెట్టుకోవడం గురించి ఆలోచించాల్సింది ఆ దశలో. క్లిష్టమైన కేసుల్లో మంచి లాయరు ఆ డబ్బుకి తగిన పని చేస్తాడు కూడా.

ఈ కంపెనీలతో వెళ్లినవాళ్లలో రేటింగ్ పెరిగి సంతోషంగా ఉన్నవాళ్లూ ఉన్నారు, కాదనను. ఆ రివ్యూలన్నీ దొంగవని కూడా అనను. నిజంగా గాయపడిన మనిషికి, ఆధారాలున్న మనిషికి, ఎవరి ద్వారా పెట్టినా పెరిగేది. ఆరువేలో ఏడువేలో కట్టి ఐదు నక్షత్రాలిచ్చిన మనిషికి, అదే పని పక్క వీధిలో ఊరికే అయ్యేదని ఎవరూ చెప్పి ఉండరు.

కంపెనీ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే వాదించక్కర్లేదు. "మాకు వద్దు, మా వివరాలు తీసేయండి, మా తరఫున వీఏని సంప్రదించొద్దు" అని ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో చెప్తే ఆధారం ఉండదు. ఆ ఈమెయిలు, వాళ్లు పంపిన కాంట్రాక్టు, మెసేజీలు దాచుకోండి.

మీవారి స్నేహితుడు ఇప్పటికే సంతకం పెట్టాడేమో మీ ఉత్తరంలో లేదు. పెట్టి ఉంటే ఆయనకీ దారులున్నాయి. ఇంకా డబ్బు కట్టకపోతే, కట్టేముందు ఆ కాంట్రాక్టుని గుర్తింపు ఉన్న లాయరుకో, మాజీ సైనికులకి ఉచితంగా న్యాయ సాయం చేసే లీగల్ ఎయిడ్ వాళ్లకో చూపించమనండి. వీఏ న్యాయ విభాగానికి, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి, టెక్సాస్ అటార్నీ జనరల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. మాజీ సైనికుల మోసాల కోసమే ప్రభుత్వం వీసేఫ్ అనే వెబ్‌సైటు పెట్టింది, ఏ ఫిర్యాదు ఎవరికి వెళ్లాలో అక్కడ చెప్తారు. మోసపోయానని ఒప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది ఊరుకుంటారు, కాబట్టి మీవారే ఆయనతో మాట్లాడితే బాగుంటుంది. కౌంటీ ఆఫీసుకి వెళ్లే రోజు ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లమనండి.